నాలుగో చుక్క

నేను స్వరకర్తని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు "ఏ సినిమాకండీ?" అని అడుగుతారు. సినిమాకి కాదు, నేను రాసేది నలభై మంది కూర్చుని వాయిస్తే ముప్ఫై మంది కూర్చుని వినే సంగీతం అని చెప్తే, జాలిగా చూసి మాట మారుస్తారు. మా ఇంటి ఎదురుగా ఉన్న మందుల షాపాయన నేను పియానోలు బాగుచేస్తానని ఇరవై ఏళ్ళుగా నమ్ముతున్నాడు. నేనూ కాదనలేదు. ఆ పని వచ్చుంటే ఇంకాస్త గౌరవంగా బతికేవాణ్ణి.

ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత పుస్తకాల కొట్లో దొరికిన ఒక సంగీతం పుస్తకమే నాకు గురువు. అందులో మధ్య పన్నెండు పేజీలు చెదలు తినేశాయి. తర్వాత్తర్వాత నా సంగీతంలో "ఎవరూ ఊహించని మలుపులు" అంటూ విమర్శకులు మెచ్చుకున్నవన్నీ, ఆ పన్నెండు పేజీల్లో ఏముందో నాకు తెలియకపోవడం వల్ల వచ్చినవే.

అసలు సంగతి వేరే ఉంది. నాకు చెవి లేదు. చెవి ఉన్నది మా అక్కకి.

అక్క బట్టలు కుట్టేది. నేను రాసుకునే గదీ ఆవిడ మిషను గదీ పక్కపక్కనే, మధ్యలో ఒంటి ఇటుక గోడ. నేను పియానో మీద ఒక్కో వరసా వాయించి చూసుకుంటూ రాస్తుంటే, ఆవిడ కుడుతూ వినేది. ఎక్కడైనా తేడా వస్తే, కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగుతో గోడ మీద కొట్టేది. టక్. ఒకసారి కొడితే తప్పు. రెండుసార్లు కొడితే బాగుంది. మూడుసార్లు కొడితే "ఇలా రా" అని. సూదిలో దారం ఎక్కించాలనో, టీ చల్లారిపోతోందనో. తప్పేమిటో చెప్పవే అంటే చెప్పలేకపోయేది. "ఏమోరా, అక్కడ కుట్టు ఊడింది" అనేది. వెళ్ళి చూస్తే ఊడే ఉండేది.

టక్కుమన్నప్పుడల్లా ఆపితే ధార తెగిపోతుందని, అక్కడ ఎర్ర పెన్సిలుతో ఒక చుక్క పెట్టి ముందుకు పోయేవాణ్ణి. రచన మొత్తం పూర్తయ్యాక చుక్కలున్న చోటల్లా దిద్దుకుని, రబ్బరుతో చుక్కలు చెరిపేసేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు అలాగే గడిచాయి. రెండు బహుమతులొచ్చాయి. చుక్కల సంగతి నేనెవరికీ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. ఒక్కసారి మాత్రం పేపర్లో నా ఫోటో చూసి, "చొక్కా బాగుంది. ఎవరు కుట్టారో" అంది.

తర్వాత ఆవిడకి సగం ఒళ్ళు పడిపోయింది. మంచాన్ని గోడ వారగా జరిపించుకుంది. మిషను ఆగిపోయింది గానీ, వేలి తొడుగు మాత్రం తియ్యలేదు.

అక్క పోయి ఎనిమిది నెలలైంది.

పోయిన మంగళవారం మధ్యాహ్నం రిహార్సల్ పెట్టారు. అక్క విన్న ఆఖరి రచన అది. ఆరేళ్ళుగా నన్ను ఎవరూ ఏమీ రాయమని అడగలేదు కాబట్టి, నాకూ అదే ఆఖరిది కావచ్చు. ఆదివారం ప్రదర్శన. బాగా కుదిరితే పది ఊళ్ళు తిప్పుతానని వాయిద్యబృందాన్ని నడిపించే కండక్టర్ గారు మాటిచ్చారు. ఆవిడ నవ్వగా ఎవరూ చూసినట్టు లేరు. ఆవిడ మాటిచ్చారంటే అంతే.

ఆ హాలుకి కిటికీల్లేవు. బయట వాన, లోపల సాయంత్రమో పొద్దునో తెలియని చీకటి. స్టాండుల మీద నలభై చిన్న దీపాలు. పాత మఖ్మలు వాసన, తడిసిన గొడుగుల వాసన. మా స్వరాలని ఒక్కో వాద్యానికీ విడివిడిగా నకలు రాసే ఆయన నా పక్క సీట్లో కూర్చున్నాడు. మందపాటి అద్దాలు కాబట్టి అందరం ఆయన్ని అద్దాలాయన అనే అంటాం. నేను కాలు మీద కాలేసుకుని, స్వరకర్తలు ఎలా కూర్చోవాలో అలా కూర్చున్నాను.

మూడో నిమిషంలో వినిపించింది.

టక్.

నా కాలు దానంతటదే కిందికి దిగింది.

వేదిక వెనక వరసలో డోళ్ళ పెద్దాయన నిలబడి ఉన్నాడు. తాళవాద్యాలన్నీ ఆయనవే. చేతిలో చిన్న చెక్కదిమ్మె, దాన్ని కొట్టడానికి పుల్ల. కాసేపటికి మళ్ళీ కొట్టాడు. టక్. ఇంకో పది వరసల తర్వాత మళ్ళీ. నేను చెక్కకి ఏమీ రాయలేదు.

"ఆ చెక్క ఎక్కడిది?" అని అద్దాలాయన చెవిలో అడిగాను.

"మీదే మాస్టారూ. చుక్కలు పెట్టారుగా. ఏ వాద్యమో రాయలేదు, చెక్కయితే బాగుంటుందని నేనే అనుకున్నాను. ఒక్క చుక్క పోనివ్వలేదు" అన్నాడు, మెప్పు కోసం నా వైపు తిరిగి.

అప్పుడు గుర్తొచ్చింది. ఈసారి నేను చెరపలేదు. అక్క పోయాక దిద్దుకోవడానికి మనసొప్పలేదని అందరితో అన్నాను. బద్ధకించాను అనడం సబబు. ఇక గోడ కొట్టేవాళ్ళు లేరు గదా అనుకుని కాగితాలు ఉన్నవి ఉన్నట్టే పంపేశాను. ఇప్పుడు మా అక్క తప్పన్న ప్రతిచోటా, నలభై మంది ముందు, తప్పని వినిపిస్తోంది.

కండక్టర్ గారు చెయ్యెత్తి ఆపించారు. వెనక్కి తిరిగి చీకట్లో నా కోసం వెతికారు.

"ఆ చెక్క చప్పుడు... ఎవరి ఊహండీ అది?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఒక్క మాట చెప్తే చాలు. చెప్తే ముప్ఫై ఏళ్ళ పేరు పోతుంది, పది ఊళ్ళూ పోతాయి. చెప్పకపోతే మా అక్క ఆదివారం జనం చప్పట్ల మధ్య గోడ కొట్టుకుంటూ ఉంటుంది.

"నాదే" అన్నాను.

"ఇన్నేళ్ళలో మీరు రాసినవాటిల్లో నిజమైనది అదొక్కటే" అని ఆవిడ అటు తిరిగిపోయారు.

వేదిక వెనక గోడలోంచి ఒక్కసారి, టక్. డోళ్ళ పెద్దాయన వైపు చూశాను. ఆయన రెండు చేతులతో ముఖం తుడుచుకుంటున్నాడు. పుల్ల స్టాండు మీద ఉంది.

మళ్ళీ మొదలుపెట్టారు. నాకు సంగీతం వినిపించడం లేదు. పేజీలు లెక్కపెట్టుకుంటున్నాను. నలభై ఒకటో పేజీ వస్తోంది.

ఆ పేజీ సంగతి చెప్పాలి. అది రాసిన రోజు అక్క చాలాసార్లు గోడ కొట్టింది. ఆ రోజు నాకు రాత బాగా సాగుతోంది, అలాంటి రోజు నాకు ఏడాదికోసారి వస్తుంది. ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టలేదు. తప్పు, తప్పు అంటోందనుకున్నాను. ఒళ్ళు బాగోలేక చిరాకు పడుతోందిలే అనుకుని చుక్కలు పెట్టుకుంటూ పోయాను. పేజీ అయ్యేసరికి చప్పుడాగింది. అమ్మయ్య అనుకున్నాను. సాయంత్రం టీ పట్టుకుని వెళ్తే...

డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, "అరగంట ముందు చూసుంటే" అని, మిగతాది మింగేశాడు. నిద్రలోనే పోయిందని నేను అందరికీ చెప్పాను.

నలభై ఒకటో పేజీ వచ్చింది.

టక్ టక్ టక్.

ఆగింది.

టక్ టక్ టక్.

డోళ్ళ పెద్దాయన కాగితానికి కళ్ళప్పగించి కొడుతున్నాడు. మూడు. ఆగి, మూడు. హాల్లో నొప్పుల మందు వాసన మొదలైంది. అక్క భుజానికి రాసిన మందు. మూడు. రానురాను చిన్నగా. మూడు. ఫిడేళ్ళ వాళ్ళు వాయిస్తూనే ఒకరినొకరు చూసుకున్నారు. రెండు... ఒకటి.

తర్వాత చెక్క లేదు. రచన పూర్తయ్యేదాకా లేదు. చివరి స్వరం ఆగిపోయింది. కండక్టర్ గారి చేతులు దిగాయి. అందరూ ఊపిరి పీల్చుకుంటున్నారు.

టక్ టక్ టక్.

చాలాసేపు ఏమీ లేదు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

టక్.

నేను వేదిక ఎక్కాను. మోకాళ్ళు నా మాట వినడం మానేసి చాలా ఏళ్ళైంది, ఆ రోజు పరుగెత్తాయి. డోళ్ళ పెద్దాయన తన కాగితం నా ముందు పెట్టాడు. ముగింపు గీతల తర్వాత ఖాళీలో మూడు గుర్తులు. దూరంగా, అంచున, నాలుగోది.

"అందరూ ఆపేశాక నా ఒక్కడికే ఏంటి మాస్టారూ ఈ పని? పైగా మూడుకీ నాలుగుకీ మధ్య ఎంతసేపు ఆగాలో రాయలేదు. తోచినంత ఆగాను. ఆదివారానికి లెక్క చెప్పండి" అన్నాడు.

అద్దాలాయన్ని అడిగాను. "ఉన్నదే రాశాను. లేనిది రాయడానికి నేనేమైనా స్వరకర్తనా?" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. వాన తగ్గలేదు. తడిబట్టలతోనే, నకలు అయ్యాక అద్దాలాయన తిరిగిచ్చిన అసలు కాగితాలు తీసి ఆఖరి పేజీ చూశాను. ముగింపు గీతలు. తర్వాత తెల్లకాగితం. చుక్కల్లేవు. దీపం కింద పెట్టి చూశాను. చెరిపిన జాడ కూడా లేదు.

కుర్చీలో కూలబడ్డాను. నా కుర్చీకి ఒక మూలుగుంది, కూర్చున్నప్పుడల్లా అంటుంది. అన్నది.

అప్పుడు గోడ అవతలి నుంచి...

టక్ టక్ టక్.

సిగ్గుపడుతూనే రాస్తున్నాను. నా చెయ్యి ముందు ఎర్ర పెన్సిలు వైపు వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు.

తర్వాత లేచాను.

అక్క గది తాళం తీశాను. వానకి ఉబ్బిన తలుపు గీరుకుంటూ తెరుచుకుంది. మిషను నూనె వాసన, మూసిపెట్టిన గుడ్డల వాసన, వాటి కింద ఆ మందు వాసన. మిషను మీద సగం కుట్టిన చొక్కా, నా కొలత. మంచం. మంచం పక్కన గోడ. పైన, కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తులో, ముప్ఫై ఏళ్ళ చిన్నచిన్న గుంటలు. కింద, పడుకున్న మనిషి చెయ్యి అందే చోట, సున్నం రాలిపోయి ఇటుక కనిపిస్తోంది. వేలి తొడుగు దిండు పక్కన ఉంది.

"అక్కా, వచ్చానే" అన్నాను. ఎనిమిది నెలలు ఆలస్యంగా.

వెనక తలుపు పడింది.

ఆ తలుపుకి లోపలి వైపు పిడి లేదు. ఊడిపోయి ఏడాదైంది. బిగించరా అని అక్క అడుగుతూనే ఉండేది. రేపు బిగిస్తాననే నేను అంటూ వచ్చాను. గోళ్ళతో లాగాను. రాలేదు. ఫోను నా బల్ల మీద ఉంది. గట్టిగా పిలుద్దామంటే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

మంచం మీద కూర్చున్నాను. తొడుగు వేలికి పెట్టుకున్నాను. చల్లగా ఉంది. ఇంకేం చెయ్యాలో తెలియక గోడ మీద కొట్టాను.

ఒకటి. రెండు. మూడు.

గోడ అవతల, నా గదిలో, నా కుర్చీ మూలిగింది.

ఊపిరి బిగబట్టాను. కాగితం మీద పెన్సిలు ఆనిన చప్పుడు. చాలా చిన్నది. ఒకటి... రెండు... మూడు.

తర్వాత పియానో మొదలైంది. నలభై ఒకటో పేజీ. ఉంగరం వేలు ఎప్పుడూ ఒక మెట్టు జారే వాయింపు... ఆ జారుడు ఎవరిదో నాకు తెలుసు. ఎవరూ లేచి రాలేదు. పేజీ తిప్పారు. హాయిగా, ధార తెగకుండా వాయించుకుంటూ పోయారు.

పియానో ఆగాక తలుపు లాగితే మామూలుగా వచ్చేసింది. గడియారం చూశాను. అరగంట.

నా గదిలో ఎవరూ లేరు. కుర్చీ వెచ్చగా ఉంది. కాగితాల మీద ఆఖరి పేజీ తెరిచి ఉంది. ముగింపు గీతల తర్వాత మూడు ఎర్ర చుక్కలు. వేలితో తాకితే ఎర్రపొడి అంటుకుంది.

నాలుగోది లేదు.

మర్నాడు పొద్దున్నే అంతా చెప్పేద్దామని కండక్టర్ గారికి ఫోను చేశాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ, పది కాదు పద్నాలుగు ఊళ్ళన్నారు. "సరేనండీ" అన్నాను. నోరు కూడా నాలాంటిదే, తేలిక దారి చూసుకుంటుంది. తర్వాత డోళ్ళ పెద్దాయన ఫోను చేశాడు, నాలుగోదానికి ఎంతసేపు ఆగాలో చెప్పమని. కనుక్కుని చెప్తానన్నాను.

ఇదంతా వంటింట్లో కూర్చుని రాశాను. దీనికి పక్కగది లేదు, మూడు వైపులా వీధే. ఎక్కడా ఆపకుండా రాశాను, నల్ల పెన్నుతో. ఎర్ర పెన్సిలు నా గదిలోనే పెట్టి తాళం వేశాను. మొత్తం రాశాక మొదటినుంచి ఒకసారి చదువుకున్నాను.

ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టలేదు అని రాశాను చూడండి. ఆ మాట మీద ఒక్క ఎర్ర చుక్క ఉంది.

నాకు టక్కుమనడం వినిపించలేదు. చెవి లేదని ముందే చెప్పాను కదా.