కరాసు కొండ మీద రెండో ఊపిరి

స్టూడియో మెట్లు తొమ్మిదోసారి ఎక్కి, సుజునా రొప్పుతూ వచ్చి మైకు ముందు నిలబడింది. అద్దం అవతల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న కుర్రాడు కాసేపు విని తల అడ్డంగా ఊపాడు.

"ఇది కొండెక్కిన ఊపిరి కాదండీ. లిఫ్టు చెడిపోయిన ఊపిరి," అన్నాడు.

అదీ వాళ్ళ మొదటి పరిచయం. కుర్రాడి పేరు కేగో, ఆ స్టూడియోలో సౌండ్ రికార్డిస్టుగా చేరి రెండు నెలలైంది. సుజునా డబ్బింగ్ ఆర్టిస్టు. కొండలెక్కే ఇద్దరమ్మాయిల కామిక్ కథ ఒకటి అప్పట్లో టోక్యోలో యానిమే బొమ్మల సీరియల్‌గా తయారవుతోంది. అందులో ఎత్తు చూస్తే కళ్ళు తిరిగే పిరికిపిల్లకి సుజునాదే గొంతు. డైలాగులన్నీ ఒక్క టేకులో ఓకే అయ్యేవి. ఎక్కేటప్పటి ఊపిరి మాత్రం ఎంతకీ కుదిరేది కాదు.

విసిగిపోయిన డైరెక్టరు, మైకు పట్టుకుని ఇద్దరూ నిజం కొండకే పొండి అన్నాడు. సుజునా జలగలంది, వానాకాలమంది, మోకాలంది. జలగలకి ఉప్పు, వానకి రెయిన్‌కోటు, మోకాలికి పట్టీ ఉన్నాయన్నాడు కేగో. ఆమె అతని వంక చూసిన చూపుకి మామూలు మనిషైతే సెలవు పెట్టి ఇంటికి పోయేవాడు.

"ఇంతకీ ఏ కొండ?" అనడిగింది.

కథ జరిగేది కరాసు కొండ మీద కాబట్టి అక్కడికే అన్నాడు డైరెక్టరు. ఆ పేరు వినగానే సుజునా సాకులు చెప్పడం మానేసింది. ఒప్పుకున్నందుకు సంతోషించాల్సింది పోయి, ఎందుకో కేగోకి మనసులో ఏదో కలుక్కుమంది.

జూన్ నెల, మంగళవారం. రైలు దిగి, బస్సు మారి, కొండ మొదట్లోకి చేరేసరికి తొమ్మిదయింది. దారిలో ఆమె పుల్లటి ప్లమ్ పండు పెట్టిన అన్నం ముద్ద ఒకటి అతనికిచ్చింది. మోకాలిపట్టీ తెచ్చినందుకు కూలీ అంది. అతను తినేసి, ఇంకో మోకాలికి కూడా తెచ్చానన్నాడు. ఆమె నవ్వాపుకోడానికి కిటికీ వైపు తిరిగింది. అద్దంలో ఆ నవ్వు అతనికి కనబడుతూనే ఉంది.

ఆమె సంచి పట్టీకి, మెడ దగ్గరగా చిన్న స్టీరియో మైకు తగిలించాడు. తన అడుగుల చప్పుడు పడకూడదని ఇరవై అడుగులు వెనక నడిచాడు. నిటారుగా పెరిగిన దేవదారుల మధ్య పొగమంచు దిగుతోంది. హెడ్‌ఫోన్స్‌లో సుజునా ఊపిరి చెవిలో చెప్పినంత దగ్గరగా వినిపిస్తోంది. అతని మొహం వేడెక్కింది. ఇది ఉద్యోగమని తనకి తనే రెండుసార్లు చెప్పుకున్నాడు.

అరగంట నడిచాక ఇంకో ఊపిరి వినపడింది.

మొదట తనదే అనుకున్నాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. అయినా ఆగలేదు. సుజునాది బరువుగా, నెమ్మదిగా ఉంది. రెండోది తేలిగ్గా, చురుగ్గా, నాలుగడుగులకోసారి చిన్నగా ముక్కు ఎగబీలుస్తూ సాగుతోంది. రెండూ ఒకే మైకు దగ్గర, పక్కపక్కనే. కేగో తలెత్తి చూశాడు. మంచులో సుజునా ఎర్ర రెయిన్‌కోటు ఒక్కటే నడుస్తోంది.

ఇంకాస్త పైన, దారి పక్కన బల్లలా పరుచుకున్న రాయి దగ్గర సుజునా ఆగిపోయింది. ఇక చాలు, దిగిపోదామంది. అతనూ మెషీన్ కట్టేసి దిగాడు.

మర్నాడు స్టూడియోలో ఆ టేపు ఆరుసార్లు విన్నాడు. మైకు మార్చి, మెషీన్ మార్చి విన్నాడు. రెండో ఊపిరి చెక్కుచెదరలేదు. డైరెక్టరుతో మాత్రం, వాన చప్పుడుకి రికార్డింగ్ పాడైందని చెప్పాడు. ఆ మాట సుజునా చెవిన ఇంకోలా పడింది. ఈ పాత్రకి ఆమె పనికిరాదని సౌండు కుర్రాడు తేల్చేశాడట. సాయంత్రం నేరుగా అతని గదిలోకి వచ్చింది.

"అన్నం ముద్ద తిన్న విశ్వాసమైనా లేదా మీకు? నా ఊపిరికి ఏం రోగమొచ్చిందో నా మొహం మీద చెప్పండి."

"మీ ఊపిరి బాగానే ఉంది. పక్కదే ఎవరిదో తెలీడం లేదు," అన్నాడు కేగో. దాచి లాభం లేదని హెడ్‌ఫోన్స్ ఆమె చేతికిచ్చాడు.

సుజునా వింది. హెడ్‌ఫోన్స్ తీసేసి, మళ్ళీ తనే పెట్టుకుని, చివరిదాకా వింది.

"ఇది కనామె," అంది.

కనామె ఆమె బళ్ళో స్నేహితురాలు. ఒకే బెంచీ, ఒకే కొండలెక్కే క్లబ్బు. ఈ కామిక్ పుస్తకం కూడా ఒక్కటే కొని ఇద్దరూ చదివేవాళ్ళు. నాలుగేళ్ళ కిందట ఇద్దరూ కరాసు కొండెక్కారు. దారిలో ఏదో చిన్న మాటకి పోట్లాట వచ్చి, సుజునా ఆ బల్లలాంటి రాతి మీదే కూలబడి, నేను రాను, నువ్వే పో అంది. కనామె పోయింది. మూడో రోజున కింద వాగులో దొరికింది. అప్పటినుంచి సుజునా ఏ కొండా ఎక్కలేదు. కనామె తల్లి మొహం కూడా చూడలేకపోయింది.

ఆదివారం ఆ రాయి దాటి వెళ్తానంది. వద్దన్నాడు కేగో. చచ్చినవాళ్ళు పక్కన నడుస్తున్నారంటే ఊరికే నడవరన్నాడు. మీరు రాకపోయినా వెళ్తానంది. ఆ గొంతు విన్నాక అతను మెషీన్ సర్దుకున్నాడు.

ఆదివారం మంచు ఇంకా చిక్కగా ఉంది. పైకెవరూ వెళ్ళిన జాడ లేదు. పిట్ట కూడా అరవడం లేదు. రాయి దగ్గరికి రాగానే సుజునా వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఉందా?"

"ఉంది. మీ కుడి పక్కన."

ఆమె తల ఊపి రాయి దాటింది. అక్కణ్ణించి దారి సన్నబడింది. ఎడమ పక్క కొండ, కుడి పక్క మంచు తప్ప ఏమీ లేదు. కేగో చెవిలో రెండు ఊపిరులూ జోడెడ్లలా సాగాయి. కాసేపటికి రెండోది మెల్లగా ముందుకి జరిగింది. ఒకడుగు, రెండడుగులు. సుజునాకి అది వినపడదు. అయినా దాని వెనకే, దాని వేగంతోనే నడుస్తోంది. కేగో ఒళ్ళంతా చల్లబడింది. తీసుకుపోతోంది అనుకున్నాడు.

అప్పుడు ఆ ఊపిరి టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో, చెవికి నోరు ఆనించి చెప్పినట్టు ఒక ఆడపిల్ల గొంతు వినపడింది.

"ఉండండి."

కేగో పరుగెత్తాడు. బురదలో మోకాళ్ళ మీద పడి, లేచి, ఎర్ర రెయిన్‌కోటు మీది సంచిని రెండు చేతులా పట్టుకుని వెనక్కి గుంజాడు. ఇద్దరూ దారి మీద కూలబడ్డారు. సుజునా బూటు జారిన చోట పచ్చటి ఫెర్ను ఆకులు ఊగుతున్నాయి. వాటి కింద నేల లేదు. మొన్నటి వానలకి దారి ఆ మేరకి కొట్టుకుపోయింది. ఒక రాయి దొర్లింది. కింద పడిన చప్పుడు చాలాసేపటికి గానీ రాలేదు.

"అదే ఆపింది కదూ?" అంది సుజునా, అతని చెయ్యి వదలకుండా.

అవునన్నాడు. విన్న మాట మాత్రం చెప్పలేదు. ఉండండి అంటే ఆగమనో, ఇక్కడే తనతో ఉండిపొమ్మనో అతనికే తెలీదు.

కిందికి దిగాక, విరిగిన దారి సంగతి ఊరాఫీసులో చెప్పి, సుజునా అతన్ని అదే ఊళ్ళో ఒక లాండ్రీకి తీసుకెళ్ళింది. కనామె తల్లి అక్కడ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. గుమ్మంలో తడిసి నిలబడ్డ పిల్లని చూసి, నాలుగేళ్ళూ ఎక్కడ చచ్చావే అని మాత్రం అంది. పొడి తువ్వాళ్ళు ఇచ్చింది, కనామె చొక్కా ఒకటి తీసిచ్చి మార్చుకోమంది. సుజునా అన్నీ చెప్పింది. చివర్లో, "నేను కూచుండిపోయాను పిన్నీ," అంటూ ఏడ్చింది.

"నువ్వు దారికడ్డంగా పడుకున్నా అది దాటుకుని పోయేదే. నా కూతురు నాకు తెలీదా?" అందావిడ.

ఇస్త్రీపెట్టె ఆపి, కేగో ఇచ్చిన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింది.

"దీనికి జలుబు ఇంకా తగ్గలేదు," అంది.

ఆ తర్వాత చెయ్యెత్తి, టేపు వెనక్కి తిప్పమంది. ఒక్క మాట మూడుసార్లు వింది. అదేమిటని సుజునా అడిగితే, కేగో తలొంచుకుని ఒప్పుకున్నాడు. కొండ మీదే విన్నాననీ, భయపడి దాచాననీ చెప్పాడు.

"అది సుజునాని ఏనాడూ 'మీరు' అనలేదు బాబూ," అందావిడ. "ఆపాలంటే, ఆగవే మొద్దూ అనేది. కొత్తవాళ్ళనే మర్యాదగా పిలిచేది. ఆ రోజు దారి మీద కొత్తవాడివి నువ్వొక్కడివే."

ఆవిడ కేగో వైపు తిరిగింది.

"నిన్ను ఆగమన్లేదు. ఆగాల్సింది సుజునా, నువ్వు కాదు. దీన్ని కనిపెట్టుకుని ఉండమంది." ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి తువ్వాలు మడిచినట్టు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "ఉంటావా లేదా అన్నది మీ ఇద్దరి గొడవ. నన్ను మాత్రం అడక్కండి, నాకు పనుంది."

బస్టాపులో వాన ఏటవాలుగా కొడుతోంది. బురదైన రెయిన్‌కోట్లు లాండ్రీలోనే వదిలేశారు, అక్కణ్ణించి తెచ్చుకున్న గొడుగు ఒక్కటే. కేగో దాన్ని ఆమె మీదికి వంచి, నేల చూస్తూ అన్నాడు.

"ఎవరో ఉండమన్నారని నేను ఉంటాననుకోకండి. ఆ మాట వినకముందే నాకు ఉండాలని ఉంది. రైల్లో మీరు కిటికీ వైపు తిరిగి నవ్వారు చూడండి, అప్పట్నుంచీ."

సుజునా అతని వైపు తిరిగింది.

"గొంతులతో బతికేదాన్ని. అబద్ధం ఎక్కడ పలుకుతుందో నాకు తెలుస్తుంది," అంది. "నీ గొంతులో ఎక్కడా పలకలేదు."

మీరు కాస్తా నువ్వయింది. అతను అది గమనించి నవ్వబోయి, ఆగిపోయాడు. గొడుగు ఆమె ఎడమ పక్కకే సరిపోతోంది. వాన కుడి వైపు నుంచే కొడుతోంది. అయినా కనామె చొక్కా కుడి భుజం మీద ఒక్క చుక్క లేదు.

ఈసారి దాచలేదు. వేలితో చూపించాడు.

సుజునా తన భుజం వంక చూసుకుంది. భయపడలేదు. మెల్లగా అతని వైపు ఒక అడుగు జరిగి, మోచేత్తో పొడిచింది.

"ఇంకాస్త జరుగు. దానికి చోటు చాలట్లేదు."