అందుకునే గొంతు

ఒక లైను పాడి ఆగింది వసంత. ఇంకో లైను పాడి మళ్లీ ఆగింది. కోరుట్లలోని తన చిన్న స్టూడియోలో, అద్దానికి ఇవతల కూర్చున్న శశాంక్‌కు ఓపిక అయిపోయింది.

"లిరిక్స్ మర్చిపోయిన్రా? పేపర్ ముందట పెట్టుకోన్రి."

"నేను రాసిన పాట నేను మర్సిపోతనా? నాట్లేసేకాడ ఒకలు పాడితే ఎంబడి అందరు అందుకుంటరు. గీడ అందుకునేటోళ్లేరి? గోడకు పాడాల్నా?"

చందుర్తికి చెందిన ఈ పిల్ల మొదటి ఆల్బం జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ప్రతి ఆటోలో మోగింది. ఇది రెండోది. కోరస్ తర్వాత కలుపుకుందామని శశాంక్ ఎంత చెప్పినా ఆమె వినలేదు. చివరికి అతనే లోపలికి వెళ్లి పక్కన నిలబడ్డాడు. ఆమె అన్న లైను మళ్లీ అనాలి, అంతే. ఒకప్పటి దొరల ఇంటి పిల్లవాడు, జీవితంలో ఎవరి వెంటా పాడింది లేదు. పైగా బొంగురు గొంతు. నవ్వాపుకోలేక వసంత బోలెడు టేకులు పాడుచేసింది.

పాటలు ఒక్కొక్కటీ పూర్తవుతుంటే, ఆమె ఊపిరి తీసే చోటు కూడా అతనికి తెలిసిపోయింది. తన తల్లి లస్మవ్వ పడ్డ కష్టాల గురించి ఆమె పాడిన రోజు అందుకోలేక తల దించుకున్నాడు. వసంత చున్నీతో కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఆ సాయంత్రం టీ కొట్టు రేకు కింద, వాన తగ్గాక కూడా ఇద్దరూ నిలబడే ఉన్నారు. శశాంక్ ప్రేమలో పడ్డాడు. చెప్పే ధైర్యమే చాలలేదు.

ఆఖరి పాటను వసంత అతని కళ్లలోకి చూస్తూ పాడింది. పెద్దింటి పిలగాడా, మా గౌడోళ్ల వాడకు పట్టపగలు వస్తావా అని అడిగే పాట అది. శశాంక్ ప్రతి లైనూ బుద్ధిగా అందుకున్నాడు. తర్వాత, ఆమె గొంతు ఒక్కటే ఉంటే వినేవాళ్ల గుండె పిండేస్తుందని తన గొంతు తీసేసి ఆమెకు ఫైల్ పంపాడు. "అర్థమైంది" అని మెసేజ్ వచ్చింది. నచ్చిందనుకుని మురిసిపోయాడు.

ఆ తర్వాత ఆమె రాలేదు, ఫోనెత్తలేదు. ఆమె ఓకే అనకుండా ఆల్బం కదలదు. ఇంట్లో ఆ పాటే మళ్లీ మళ్లీ వింటున్న కొడుకు పక్కన వచ్చి కూర్చుంది నర్మద.

"ఆ పిల్ల ఎవర్ని అడుగుతున్నదిరా?"

"పాటలున్న పిలగాన్ని. ఎంబడి నేనే అందుకున్న, మల్ల నా గొంతు తీసేసిన."

"గట్ల అడిగినంక నీ గొంతు తీసేస్తే, రాను అన్నట్టే గదరా." ఆవిడే కారు తాళాలు చేతికిచ్చి, తనూ బయల్దేరింది.

మిట్టమధ్యాహ్నం, వాడంతా చూస్తుండగా శశాంక్ కారు దిగాడు. అరుగు మీద వసంత, పక్కన లస్మవ్వ, తండ్రి సమ్మయ్య ఉన్నారు. వసంత లేవలేదు.

"పాట మంచిగ రావాల్నని తీసేసిన. నన్నే అడుగుతున్నవని సమజ్ కాలే. వసంతా, నువ్వంటే నాకు ఇష్టం. నిన్నే చేసుకుంట."

నర్మద వెళ్లి లస్మవ్వ పక్కన కూర్చుంది. మా వాడికి చెవులు మంచివే, బుద్ధే కొంచెం ఆలస్యమని చెప్పింది. నీ ఇష్టం బిడ్డా, అన్నాడు సమ్మయ్య.

వసంత అతన్ని తీరిగ్గా కింది నుంచి పైదాకా చూసింది.

"ముందుగాల ఆల్బం, తర్వాతనే పెండ్లి. పెండ్లికి పాడేటోళ్లను నువ్వే పట్టుకరా. ఆ దినం నేను పాడ. నీ పక్కన కూసోని వింట."