రాతినీలి ఉన్న చోటు

"దారికి ఎంత దూరంలో ఉంది?" నిర్ధారిణి మళ్లీ అడిగింది.

ఇక్కడ దారే లేదని తిప్పేస్వామి మళ్లీ చెప్పాడు. నీలిపువ్వు బండసందులో, అతని మోకాలి పక్కనే ఊగుతోంది.

"రాతినీలి దారి పక్కన మాత్రమే పెరుగుతుంది. మీ పరిశీలన చెల్లదు," అంది చెవిలోని యంత్రపు గొంతు.

తిప్పేస్వామికి ఒళ్లు మండింది. పత్రశాలలో ఎండుమొక్కలు అంటించిన అట్టలన్నీ దానికి చూపించి నేర్పింది తనే. నూరేళ్ల కిందట ఈ గుట్టల్లో మొక్కలు ఏరినవాళ్లు బంగళాలో దిగి, ఎండకు జడిసి, రోడ్డు వెంబడి దొరికినవే పీక్కుని పోయారు. ఒక్కడూ గుట్టెక్కలేదు. రాతినీలి అట్టలన్నిటి మీదా ఒకటే రాత: దారి పక్కన. ఆ దారులిప్పుడు ఇసుక కింద ఉన్నాయి. కాబట్టి పువ్వు అంతరించిందని నిర్ధారిణి తేల్చేసి, ఎండను పట్టే అద్దాలకు గుట్టను రాసిచ్చింది.

అద్దాలు పరిచే బండ్లు, తోలేవాడు లేకుండానే, బండలను పిండి చేసుకుంటూ ఎక్కి వస్తున్నాయి. వెనకాల గొడుగు పట్టుకుని మేస్త్రి ఫకృద్దీన్.

"ఏం సామీ, గడ్డిపోచతో మంతనాలా?"

"గడ్డిపోచ కాదప్పా. ఈ గుట్టలకంతా మిగిలిండేది ఇదొక్కటే. గింజ పట్టేదాకా బండ్లు నిలుపు."

"నా మాట అవి యాడ వింటాయి? మా ఇంటామెన్నా నయం."

తిప్పేస్వామి పత్రశాల అధికారిణి నాగవేణమ్మకు ఫోను చేశాడు.

"వేరుతో పీకి, అట్టకు అంటించి పంపు. అప్పుడు ఒప్పుకుంటాది," అందామె.

"పీకినాక ఇంగేముంటాది మేడమ్, ఒప్పుకొనేకి?"

"ఆ రూలు నేను రాసిందా తిప్పేస్వామీ? నా మీద అరుస్తావెందుకు?"

ముందున్న బండి దగ్గరికొచ్చేసింది. తిప్పేస్వామి అడ్డం నిలబడ్డాడు. బండి ఆగింది. మనిషిని అది గుర్తుపట్టేది ముంజేతి నీటికడెంలోని పేరును బట్టే; కడెం ఉన్నవాణ్ని తొక్కదు. పక్కకు జరిగేదాకా కాచుకుంటుంది, అంతే.

"ఎంతసేపు నిలబడతావు? నీకూ వేర్లు పుడతాయి," అన్నాడు ఫకృద్దీన్.

కడెం లేకుంటే కొళాయి తిరగదు. కొత్తది రావాలంటే ఎండాకాలం గడిచిపోతుంది. తిప్పేస్వామి నిర్ధారిణిని ఒక బూతు తిట్టి, కడెం ఊడదీసి, పువ్వు నలగకుండా మొక్క చుట్టూ దింపి, కదలకుండా రాళ్లు పేర్చాడు.

ఫకృద్దీన్ అతన్ని భుజం పట్టి ఇవతలికి లాగాడు. "ఇట్లా రా. దాని లెక్కలో ఇప్పుడు నువ్వూ బండరాయివే."

బండి కదలలేదు. వెనకవన్నీ ఒకదాని వెంట ఒకటి నిలిచిపోయాయి.

"తిప్పేస్వామి గారూ, దయచేసి పక్కకు జరగండి," అంది బండిలోంచి నిర్ధారిణి. పువ్వు గాలికి తలాడించింది. "తిప్పేస్వామి గారూ..."

"మరి నీళ్లకేం చేస్తావు?" అన్నాడు ఫకృద్దీన్.

"నీ కొళాయిలో చెంబెడు పట్టియ్యవా?"

"నీకు పట్టిస్తాలే. ఆ తిప్పేస్వామి గారికో?"

"దానికి పోస్తే కుళ్లిపోతాది. నాకు పోస్తే చాలు," అని విసుక్కుంటూ తిప్పేస్వామి గుట్ట దిగసాగాడు.