మరిడమ్మ మనుషులు

ద్వారం మీది బంధమాపకం ముఖాలు చదివి పచ్చగా వెలిగింది. గాజు తలుపు తెరుచుకుంది. తండ్రీకూతుళ్ళు లోపలికి వెళ్ళారు. ప్రాథమిక సమూహం. తరవాత వచ్చిన ఆఫీసు బృందాన్ని చూసి అది ఎర్రబడింది. ద్వితీయ సమూహం. లోపలికి వెళ్ళే వీల్లేక వాళ్ళు హాల్లోని తెరల ముందు కూర్చుని రోగిని పరామర్శించసాగారు. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే ఈ అంతిమ చికిత్సాలయం ద్వారం దగ్గర సమూహ నిర్ణేతగా వకుళ చేసే పని ఇదే. మాపకం తేల్చినదాన్ని ఆమె ఖాయం చేస్తుంది.

మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ఉప్పు మరకలు పట్టిన నీలం తొడుగులు. కాకినాడ సముద్రం మీద తేలే సౌరపలకలు కడిగే కూలీలు. ముందున్న నూకరత్నాన్ని చూడగానే వకుళ తల దించుకుంది. ఈ ఉద్యోగం రాకముందు ఆమె కూడా వాళ్ళ పడవలోనే పనిచేసింది.

"మరిడమ్మని సూడాలమ్మా. దానికి మేం తప్ప ఎవరున్నారు?"

మాపకం ముగ్గురి ముఖాలూ చదివింది. రక్తబంధం లేదు. ఒకే ఇల్లు కాదు. కలయికకు కారణం, కూలి. ఎర్రబడింది.

"తెర మీద మాట్లాడండి," అంది వకుళ.

"తెరేంటమ్మా? దానికి కళ్ళు ఆనట్లేదంట. చెయ్యి పట్టుకోవాల." నూకరత్నం వంగి చూసింది. "నువ్వు మన వకుళవి కాదూ?"

పక్కనే ఉన్న పర్యవేక్షకుడు పరాంకుశం తలెత్తాడు. "మీకు తెలిసినవాళ్ళా?"

"కాదు సార్."

వెనకావిడ ఏదో అనబోతే నూకరత్నం మోచేత్తో ఆపింది.

"పొరపాటు పడ్డాను బాబూ. మా పిల్లలాగుంటేనూ," అని తెర వైపు నడిచింది.

వకుళ చెవులు మండిపోయాయి. ఆమె జ్వరంతో పడవలో పడి ఉన్న రోజుల్లో మరిడమ్మ ఆమె వంతు పలకలు కడిగింది, అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టింది. ఇప్పుడు తన పరువు కాపాడటానికి నూకరత్నం అబద్ధమాడింది. తిట్టి ఉంటే బాగుండేది.

వకుళ బల్ల దాటి వచ్చి వాళ్ళ పక్కన నిలబడింది.

"అబద్ధం చెప్పాను సార్. వీళ్ళు నావాళ్ళు. నన్నూ కలిపి కొలవండి."

"కూర్చోండి. ఉద్యోగం పోతుంది."

మాపకం ఆమె ముఖం చదివింది. నిర్ణేతే సమూహంలో ఉంటే ఏం తేల్చాలో దానికి ఎవరూ నేర్పలేదు. పచ్చా కాలేదు, ఎరుపూ కాలేదు. దీపం ఆరిపోయింది, తలుపు పట్టు సడలింది. వకుళ రెండు చేతులతో దాన్ని నెట్టి పట్టుకుంది.

"పదే. మరిడమ్మ ఎదురుసూత్తా ఉంటది," అంటూ నూకరత్నం లోపలికి నడిచింది. ఆమె కళ్ళలోకి చూసే ధైర్యం వకుళకు రాలేదు.

హాల్లో తెరల ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి, తెరిచి ఉన్న తలుపు వైపు రాసాగారు.