ఒక్క మాట చేర్చిన పాపం

ఆ ఉదయం దేశ రక్షణ భారమంతా ఒక గొడుగుల దుకాణం వెనక గదిలో, కాలు వంకరపోయిన బల్ల మీద ఆనుకొని ఉంది.

బల్లకు అటువైపు పెద్దసారు. గూఢచార శాఖలో ఆయన అసలు పేరు ఎరిగినవారు లేరు. ఆయనకైనా గుర్తుందో లేదోనన్న అనుమానం ఉన్నవారు మాత్రం చాలామంది. ఇటువైపు ఏజెంట్ గొడుగు. ఏళ్ళ తరబడి తాను గొడుగుల కంపెనీలో సేల్స్ మేనేజరునని చుట్టపక్కాలందరినీ నమ్మిస్తూ, ఒక్క గొడుగైనా అమ్మిన పాపాన పోని మహావీరుడు. కిటికీ పక్కన, వెలుతురు తన మీద సరిగ్గా పడే చోటు చూసుకొని, ముత్యం నిలబడి ఉంది.

మెడలో ముత్యాల హారం, కళ్ళకు నల్లద్దాలు, నిలబడడంలోనే రెండు ప్రభుత్వాలను నిలబెట్టగల ధీమా. అవతలి తీరపు ముఠా ‘నీలిచెయ్యి’లో ఆమె డబుల్ ఏజెంట్. ఎవరి తరఫున ఎవరిని మోసగిస్తున్నదో తేల్చే పని తనకు వదిలెయ్యమని పెద్దసారు శాఖ మొత్తానికీ అభయమిచ్చి ఉన్నారు.

“టార్గెట్?” అన్నాడు ఏజెంట్ గొడుగు.

“ఊరి మంచినీళ్ళ శుద్ధి కేంద్రం. కంట్రోల్ రూమ్,” అన్నారు పెద్దసారు. “నీళ్ళలో క్లోరిన్ ఎంత కలపాలో చూసుకునే ప్రోగ్రామ్ అక్కడి కంప్యూటర్లో కంటైనర్ అనే మూసిన పెట్టెలో నడుస్తుంది. నీలిచెయ్యి అందులో దూరిందని సమాచారం.”

“సమాచారం ఎవరిచ్చారు?”

“నేనే,” అంది ముత్యం. “పని చిన్నది. కంటైనర్ని ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యండి. కమాండ్ చివర ఒక్క మాట చేర్చండి: రిపోర్ట్. దాని పక్కన నేనిచ్చే అడ్రస్. లోపల జరిగేదంతా మనకు చేరుతుంది. మూడో కంటికి తెలియదు.”

ఏజెంట్ గొడుగు పెద్దసారు వైపు తిరిగాడు. “అక్కడ షిఫ్ట్ ఇంజనీరు మా అక్క భర్త సార్.”

“తెలుసు. అందుకే నువ్వు.”

శత్రు శిబిరాలలోకి పైకప్పుల మీదుగా దిగినవాడు, ఆ మధ్యాహ్నం శుద్ధి కేంద్రం గేటు దగ్గర విజిటర్ బ్యాడ్జి తగిలించుకుంటూ, పిన్నును రెండుసార్లు తన వేలికే గుచ్చుకున్నాడు. మారువేషం అక్కరలేకుండా పోయింది. బావమరిది వేషం కంటే గొప్ప వేషం శాఖ వస్త్రాగారంలో లేదు.

“ఏమోయ్ బావమరిదీ! దారి తప్పావా?” బావ తన కుర్చీలోంచి లేచి అతన్ని అందులోనే కూర్చోబెట్టాడు. తాను వెళ్ళి ఊగిసలాడే స్టూలు మీద కూర్చున్నాడు. “ఇన్నాళ్ళకి గొడుగు తెచ్చావా నాకు?”

“ఇది శాంపిల్ బావా.”

“నీ దగ్గర ఉన్నవన్నీ శాంపిళ్ళే. ఈసారి వానొస్తే నేను తడిసిన శాంపిల్ని.”

గొడుగు పిడిలో రేడియో, పుల్లలో కెమెరా, మొనలో మత్తుమందు ఉన్నాయి. వానను ఆపే గుణం ఒక్కటే దానికి లేదు. ఎదురుగా టేబుల్ మీద కీబోర్డు, బావ లాగిన్‌తోనే తెరిచి ఉన్న స్క్రీను. తన కుర్చీని, తన లాగిన్‌ని కలిపి ఒక మనిషి చేతిలో పెట్టడం అక్కడి నియమాలకు విరుద్ధం. ఆ మనిషి ఇంటి మనిషి గనుక బావకు నియమాలు గుర్తుకు రాలేదు.

“అదేనా నీ కంటైనర్?” ఏజెంట్ గొడుగు స్క్రీను వైపు చూపించాడు.

అడగడమే ఆలస్యం. కొడుకు అన్నప్రాసన నాటి ముచ్చట చెప్పినంత సంబరంగా బావ అందుకున్నాడు. “పెట్టెలో కూర్చోబెట్టిన పనివాడనుకో. వాడేం చెయ్యాలో పెట్టె మీదే చెక్కేశాం. దాన్ని ఎంట్రీపాయింట్ అంటారు, అంత సులువుగా మారదు. ఎలా చెయ్యాలో మాత్రం ఒక చీటీ రాసి లోపల పెట్టాం. ఎంతకు మించి కలపకూడదు, ఏ సెన్సర్ మాట వినాలి, ఎక్కడ ఆగాలి. వీటిని డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లంటారు, ముందే రాసిపెట్టిన ఆదేశాలన్నమాట. ఆ ప్రోగ్రామ్ అసలు కొత్త పైపులు కడగడానికి రాసింది. దాని మానాన దాన్ని వదిలేస్తే వాల్వు బార్లా తెరిచి కూర్చుంటుంది. చీటీ ఉంది కాబట్టి మర్యాదగా ఉంటోంది. మనం స్టార్ట్ చేసేటప్పుడు ఒక్క మాట గనక అన్నామా...”

“బావా,” అన్నాడు ఏజెంట్ గొడుగు, ఇక వినలేక. ఆ అమాయకపు ఉత్సాహం ఇంకాసేపు సాగితే తన చేత పని కాదని అతనికి భయం వేసింది. “వస్తూ అక్కకు ఫోన్ చేశాను. గొంతు బాగాలేదు. ఏడుస్తున్నట్టుంది. నీకు చెప్పొద్దంది.”

బావ స్టూలు మీంచి లేచాడు. మందపాటి గోడల వల్ల ఆ గదిలో సిగ్నల్ ఉండదు; ఉన్న ల్యాండ్‌లైన్ పై ఆఫీసుకు తప్ప ఇంకెక్కడికీ పోదు. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే మెట్ల మీదికి పరుగెత్తాడు.

శాఖ శిక్షణలో అబద్ధానికి నూటికి నూరు తెచ్చుకున్నవాడు, ఆ చెప్పుల చప్పుడు మెట్లెక్కి మాయమయ్యేదాకా కీబోర్డు ముట్టుకోలేకపోయాడు. తర్వాత ముట్టుకున్నాడు. కంటైనర్ని ఆపాడు. కమాండ్ టైపు చేశాడు. చివర ఒక్క మాట, పక్కన అడ్రస్. ఎంటర్.

చీమ చిటుక్కుమనలేదు. గోడ మీది క్లోరిన్ డయల్లో ముల్లు కదిలింది.

మొదట మెల్లగా, ఆ తర్వాత పని ఉన్న మనిషిలా పైకి నడిచింది. డయల్ చివర ఒక ఎర్రగీత. దాన్ని దాటిన నీళ్ళు ఎవరి కడుపులోకి వెళ్ళినా ఆ మనిషి దక్కడు. ఆ నీళ్ళు పట్టుకునే కుళాయిలలో ఒకటి అక్క వంటింట్లో ఉంది.

పిడిని నోటి దగ్గర పెట్టుకున్నాడు. “ముత్యం, ముల్లు పైకి పోతోంది!”

“కనిపిస్తోంది,” అంది తీయని గొంతు. “రిపోర్ట్ చక్కగా వస్తోంది. మా నీలిచెయ్యి ఆ కంటైనర్లోకి ఎన్నడూ దూరలేకపోయింది. ఆ పని మీ చెయ్యి చేసిపెట్టింది. కృతజ్ఞతలు.” లైను తెగింది.

ఏజెంట్ గొడుగు మళ్ళీ కీబోర్డు మీద పడ్డాడు. పరిమితి పెట్టాలి! తోచిన మాటలు టైపు చేశాడు. అలాంటి ఆర్గ్యుమెంట్ తనకు తెలియదని ప్రోగ్రామ్ నిష్ఠూరంగా జవాబిచ్చి ఆగిపోయింది. వాల్వు మాత్రం తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఇంకో మాట చేర్చాడు. మళ్ళీ అదే జవాబు. ముల్లుకూ ఎర్రగీతకూ మధ్య వేలెడు చోటు.

‘ఒక్క మాట గనక అన్నామా...’

తాను మధ్యలో నరికేసిన ఆ వాక్యం మిగతా సగం అప్పుడు అతనికి అందింది. ఒక్క మాట అన్నా చాలు, కొత్త మాట పాతవాటి పక్కన చేరదు. లోపలి చీటీ మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది. పరిమితి, సెన్సరు, ఆగే చోటు, అన్నీ. ప్రోగ్రామ్‌ని ఎవరూ పాడుచెయ్యలేదు. ఏదో ఒకటి చెప్పి తీరాలనుకునే మనిషిని ఒకణ్ణి పంపారంతే.

చేర్చిన మాటలన్నీ చెరిపేశాడు. ఒక్క అక్షరం మిగలకుండా. ఏమీ చెప్పకపోతే మళ్ళీ చీటీ మాటే చెల్లుతుంది. వట్టి కమాండ్, ఎంటర్.

వాల్వు మూలిగింది. ముల్లు ఎర్రగీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగి, వణికి, తిరుగుముఖం పట్టింది.

సరిగ్గా అప్పుడే బావ ఆయాసపడుతూ వచ్చాడు. “మీ అక్క శుభ్రంగా ఉందోయ్! ఈ వేళప్పుడు ఫోనేమిటి, ఇంకెవరికో చెయ్యబోయి నాకు చేశావా అని...” డయల్ చూసి ఆగిపోయాడు. ఒక్క అంగలో వెళ్ళి ఊరికి వెళ్ళే పైపు గేటు మూశాడు. ఆ నీళ్ళు ఇక బయటికి పోవు. తర్వాత స్టూలు మీద కూలబడ్డాడు.

“తప్పు నాది,” అన్నాడు. “ఎవరో ఏదో ఆర్గ్యుమెంట్ ఇచ్చి ఉంటారు. పరిమితిని ఎంట్రీపాయింట్‌లోనే చెక్కాల్సింది, చీటీలో పెట్టింది నేనే. ఊరు ఊరంతా... పైవాళ్ళకి చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోయింది.” ల్యాండ్‌లైన్ రిసీవర్ ఎత్తాడు.

గొడుగు పిడిలోంచి పెద్దసారు గొంతు సన్నగా, బావకు వినబడకుండా పలికింది. “లైన్లో అంతా విన్నాను. బయటికి వచ్చెయ్. అతను తన మీద వేసుకుంటున్నాడుగా, వేసుకోనీ. కవర్ ముఖ్యం.”

ఏజెంట్ గొడుగు ఆ దివ్యాయుధాన్ని చెత్తబుట్టలో తలకిందులుగా గుచ్చాడు.

“రిసీవర్ పెట్టెయ్ బావా. చేసింది నేను.”

బావ రిసీవర్ పట్టుకునే ఇటు తిరిగాడు. “గొడుగుల కంపెనీకి క్లోరిన్‌తో ఏం పని?”

“గొడుగుల కంపెనీ లేదు బావా.”

“అది నాకు తెలుసులే. మీ అక్కకూ తెలుసు. జోరువానలో సెలవు పెట్టుకొని ఇంటికొచ్చే గొడుగుల మేనేజరు లోకంలో ఎక్కడైనా ఉంటాడా? ఏ పోలీసు పనో అనుకొని నోరు మూసుకున్నాం.” రిసీవర్ని మెల్లగా పెట్టేశాడు. “అక్క ఏడుస్తోందని కూడా చెప్పగలవని మాత్రం తెలియదు.”

ఏజెంట్ గొడుగు బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ముత్యం ఆ సాయంత్రమే ఓడరేవులో పట్టుబడింది. రిపోర్ట్ ఎక్కడికి పంపాలో తన అడ్రస్ తానే చెప్పి టైపు చేయించింది కదా. అది కంటైనర్ రాసుకునే రికార్డులలో పదిలంగా ఉంది. పెద్దసారు తాను మొదటినుంచీ అనుమానించానని పై అధికారులకు విన్నవించి, పతకం అందుకున్నారు. కవర్ పోగొట్టుకున్న ఏజెంట్ గొడుగును శాఖ దుకాణం ముందు గదికి బదిలీ చేసింది. అతనిప్పుడు నిజంగానే గొడుగులు అమ్ముతాడు.

బావ ఉద్యోగం పోలేదు. పరిమితిని ఎంట్రీపాయింట్‌లో చెక్కేశాడు; ఇప్పుడు ఎవరేం చేర్చినా అది చెక్కు చెదరదు.

కొన్నాళ్ళకు ఏజెంట్ గొడుగు, రేడియో గానీ కెమెరా గానీ లేని అసలు సిసలు గొడుగొకటి చంకన పెట్టుకొని కంట్రోల్ రూమ్‌కు వెళ్ళాడు. బావ గొడుగును తెరిచి చూసి మెచ్చుకున్నాడు. మిషన్ నుంచి టీ తెచ్చి ఇచ్చాడు. ఎప్పటిలాగే తన కుర్చీలోనే కూర్చోమన్నాడు. తాను స్టూలు మీద కూర్చొని, ఊరి సంగతులన్నీ నవ్వుతూ అడిగాడు, కీబోర్డు మాత్రం తన ఒళ్ళో పెట్టుకొని.