దొరసానమ్మ ఆసుపత్రిలో దీపం

గుండుగొలను దాటి కొల్లేటి వైపు వెళ్ళే దారిలో, ప్రెస్బిటేరియన్ చర్చి వెనక, మూతబడ్డ ఆసుపత్రి ఒకటుంది. మొన్నమొన్నటిదాకా చీకటి పడితే అటు ఎవరూ వెళ్ళేవారు కాదు. కలరా రోగులకు సేవ చేస్తూ అదే రోగంతో పోయిన దొరసానమ్మ తెల్లగౌనులో తిరుగుతోందని... ఆమె తిరిగినప్పుడల్లా శవం కుళ్ళిన కంపు కొడుతుందని చెప్పుకునేవారు.

జరిగింది నాకు చెప్పింది పాస్టరుగారి భార్య సిల్వియాగారు.

ఆ ఊళ్ళో వెంకటనరసమ్మది వరిచేలున్న కుటుంబం. చర్చికి వెళ్ళే మనిషి కాదు. అయినా దొరసానమ్మను దెయ్యం అంటే ఆవిడకు ఒళ్ళు మండేది. వెనకెప్పుడో కొల్లేరు పొంగి ఊరు మునిగినప్పుడు, చర్చివాళ్ళు దొరసానమ్మ ఆసుపత్రి అరుగు మీదే కులం అడక్కుండా పదకొండు రోజులు గంజి కాచి పోశారట. అప్పుడావిడ నిండుచూలాలు. కానుపు కూడా అక్కడే, లోపలి గదిలో అయింది.

కిందటేడు కార్తీకంలో ఏలూరులో కళ్ళు చూపించుకుని వస్తుంటే బస్సు ఆలస్యమైంది. దిగేసరికి బాగా చీకటి పడింది. ఆటో లేదు. కొడుకు ఫోను ఎత్తలేదు. ఇక అడ్డదారే గతి — ఆసుపత్రి పక్కనుంచి.

నాలుగడుగులు వేసిందో లేదో... కంపు. కొంగు అడ్డం పెట్టుకున్నా గొంతులోకి దిగిపోయే కంపు. లోపల — తపక్... తపక్... మెత్తటిదేదో నేల మీద పడుతోంది.

కిటికీలో దీపం కదిలింది. దాని వెనక తెల్లటి ఆకారం.

అయినా గుమ్మం దాకా వెళ్ళింది.

"అమ్మగారూ... నేనండీ, వెంకటనరసమ్మని."

లోపలికి అడుగు పెడితే కాలు జారి పడింది. లేద్దామని చెయ్యి ఆనిస్తే జిగురు — వేళ్ళ సందుల్లో పురుగులు మెదిలాయి.

దీపం ఆవిడ ముఖం మీదికి తిరిగింది.

"అమ్మా... నువ్వెందుకొచ్చావ్ ఇక్కడికి?"

కొడుకు భానుప్రకాష్! తెల్ల రెయిన్‌కోటు, తలకు లైటు. చుట్టూ డ్రమ్ముల నిండా కోడిపేగులు, తలకాయలు, కుళ్ళిన ఈకలు. గవర్నమెంటు వద్దన్నా అతను పెంచే క్యాట్‌ఫిష్ చేపల చెరువులకు మేత. చికెన్ కొట్ల నుంచి తెచ్చి ఇక్కడ దాచి, తెల్లారేలోపు చెరువుల్లో పోసేవాడు. ఎవరూ రాకుండా దెయ్యాన్ని పుట్టించిందీ అతనే.

ఆవిడ అక్కడే వాంతి చేసుకుంది. ఈ పంట చేప అమ్మేదాకా ఓర్చుకోమని, ఎవరికీ చెప్పొద్దని అతను బతిమాలాడు. లేవదీయబోతే వెనక్కి జరిగింది.

"ముట్టుకోకు. నిన్ను కన్న గదిరా ఇది."

అలాగే, ఆ చీరతోనే, పాస్టరుగారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పేసింది.

మర్నాడు ఆఫీసర్లు వచ్చి డ్రమ్ములు పట్టుకుపోయారు. చర్చివాళ్ళు నాలుగు రోజులు బ్లీచింగు చల్లి కడిగారు. ఆవిడా నీళ్ళు మోసింది. ఇప్పుడక్కడ ప్రతి శనివారం బీపీ, షుగరు చూస్తున్నారు.

భానుప్రకాష్ ఆ వ్యాపారం మానేశాడట. మొన్న తల్లికి అన్నం వడ్డించబోతే, ఆవిడ ఆ చేతి వంక చూసి కంచం పక్కకు లాగేసుకుందట.

"రెండుసార్లు సబ్బుతో కడుక్కునే వచ్చాడండీ," అన్నారు సిల్వియాగారు.