చంకెత్తు కర్రలు

"పద్నాలుగు పేర్లు, ఒక్క కాగితం. చీకటి పడేలోపు అది సరిహద్దు దాటితే, అవతల ఉన్న మనవాళ్లు పద్నాలుగు మందికీ ఉరే," వైర్‌లెస్‌లో అన్నాడు మేజర్. "వెదురు స్కీ కర్రలో దాచి తీసుకెళ్తున్నారు. ఎవరి కర్రో రాగ్న్‌ఫ్రిడ్ చెబుతుంది. ఓవర్."

ఆ రోజు గుడ్ ఫ్రైడే. నార్వే కొండమీది బసలో, మంచుమీద జారే స్కీలకు మైనం పూసేవాడి వేషంలో ఉన్నాడు ఏజెంట్ ఐలిఫ్. గోడవారన మంచులో తొమ్మిది జతల కర్రలు గుచ్చి ఉన్నాయి. ఈ కొండల్లో ఒకరి కర్ర ఇంకొకరు ముట్టరు. ఆ కట్టుబాటునే శత్రువు బీరువా చేసుకున్నాడు.

కాగితం కోసం పొరపాటున వేరేవాళ్ల కర్ర విరిస్తే, ఆ మనిషి ముసురుకొస్తున్న తుఫానులో బతకడు. అసలు దొంగ జారుకుంటాడు.

"ప్రభూ, ఇవాళే ఈ పని పెట్టాలా నాకు?" అనుకున్నాడు ఐలిఫ్.

అప్పుడే వచ్చింది రాగ్న్‌ఫ్రిడ్, చూపు తిప్పుకోనివ్వని అందగత్తె. శత్రువుల్లో కలిసి మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఐలిఫ్ కూతురికి బాప్తిస్మంనాటి జ్ఞానతల్లి కూడా.

"ఏమోయ్ మైనం! పోయినసారి నువ్వు పూసిన పూతకి ముందుకి రెండడుగులేస్తే వెనక్కి మూడు జారాను!" అందరూ నవ్వారు. ఆమె గొంతు తగ్గించింది. "ఎర్ర పట్టీల జత. ముసలి బడిపంతులిది."

పంతులు టోర్గైర్ వచ్చి ఆ జత అందుకున్నాడు. "అలా చూస్తావేం బాబూ? పెళ్లినాటి కర్రలివి. మా ఆవిడకన్నా ఎక్కువే మోశాయి నన్ను."

అవి సరిగ్గా అతని చంక ఎత్తున్నాయి. పిడి తోలు అరచేతి చెమటకి నల్లబడింది. విరవడానికి చాచిన చెయ్యి ఐలిఫ్ వెనక్కి తీసుకున్నాడు.

"విరిచెయ్, చూస్తావేం!" అని గొణిగి, రాగ్న్‌ఫ్రిడ్ తన కర్రలు పీకి సరిహద్దువైపు సాగింది.

ఆ కర్రలు ఆమె గడ్డాన్ని తాకుతున్నాయి.

చిన్నపిల్లలు కూడా కర్రని చంకకు ఆనించి ఎత్తు చూసుకునే దేశం ఇది. కొండెక్కేవాళ్లెవరూ గడ్డం ఎత్తు కర్ర పట్టరు.

ఐలిఫ్ స్కీలు తొడిగి, తన కర్రలందుకుని వెంటపడ్డాడు. సరిహద్దు స్తంభం పది గజాల్లో ఉండగా కర్రలు లాక్కుని మోకాలికేసి విరిచాడు. రెండో దాంట్లోంచి కాగితపు చుట్ట జారింది.

"పొడుగైందని వాళ్లకి చెప్పాను," అందామె. "కర్ర కర్రే కదా అన్నారు."

"ఎందుకు చేశావిలా?"

"నీ కూతురికి మాత్రం చెప్పకు."

ఐలిఫ్ పిస్తోలు తీసి ఆమెని వెనక్కి, బసవైపు తిప్పాడు. కర్రల్లేకుండా ఆమె ఆ వాలు దిగడం కుదరదు. తనవి ఇచ్చాడు. పొట్టివాడి కర్రలు, ఆమె చంకకు సరిగ్గా సరిపోయాయి.

ఖైదీ తిన్నగా దిగింది. పిస్తోలు పట్టుకున్న గూఢచారి మాత్రం దారిపొడుగునా ఏడుసార్లు పడ్డాడు.